మొగలో ఇసుక మేట, జెట్టీ దగ్గర నల్ల బురద: ఫిషింగ్ హార్బర్ పూడికపై సలహా కావాలి

#1 బందరు_మరబోటు (మచిలీపట్నం)

అందరికీ నమస్కారం. మాది గిలకలదిండి. నాన్న, బాబాయి మరబోటు మీద వేటకు వెళ్తారు. డీజిలు, ఐసు, కాటా లెక్కలు నేను చూసుకుంటాను. రెండు విషయాల్లో మీ సలహా కావాలి.

మొదటిది మొగ, అంటే మా పాయ సముద్రంలో కలిసే దారి. ఆటు సమయంలో ఇసుక మేట తగిలి బోట్లు దాటవు. రోజుల తరబడి వేటాడి వచ్చిన బోటు, ఒడ్డు కనబడుతున్నా, పోటు కోసం బయటే లంగరేసుకుని ఉండాలి. ఈలోపు ఐసు కరిగిపోతుంది, రేవులో పాట అయిపోతుంది, తర్వాత ఎంతకు అడిగితే అంతకే అమ్ముకోవాలి. తొందరపడి దాటబోతే బోటును తోసే ఫ్యాన్ (ప్రొపెల్లరు) ఇసుకలో దిగబడి రెక్కలు వంకరపోతాయి. ఇంజిను ఆగిన బోటు అలకు అడ్డం తిరిగిందంటే డబ్బు మాట అటుంచి ముందు మనుషులు దక్కాలి.

రెండోది జెట్టీ దగ్గర నీళ్లు. ఎండలు ముదిరేసరికి నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడతాయి. లంగరు పైకి లాగితే తాడంతా జిగట బురద. చేపలు దించే ఆడవాళ్లు రోజంతా ఆ వాసనలోనే కూర్చుని పని చేస్తున్నారు.

బోటు యజమానులమంతా కలిసి అర్జీ పెట్టబోతున్నాం. "పూడిక తీయించండి" అని ఒక్క ముక్క రాసిస్తే చాలంటారా? తవ్వడం, మళ్లీ పూడిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఈసారి నాలుగు కాలాలు నిలిచే పని అడగాలని ఉంది.

#2 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

మంచి ప్రశ్న తమ్ముడూ. నేను డ్రెడ్జర్ల మీద, అంటే నీటి అడుగున పూడిక తోడే ఓడల మీద చాలాకాలం పనిచేశాను. తవ్వించమని అడిగేముందు ఏం తవ్వాలో తేల్చుకోవాలి. మీ మొగలో ఉన్నదీ జెట్టీ దగ్గర ఉన్నదీ ఒకే సరుకు కాదు. మొగలోది ఇసుక, సముద్రం తెచ్చి పోసినది. జెట్టీ దగ్గరది మెత్తటి ఒండ్రు. మురుగు కాలవలు, చెరువులు, మన బోట్లు, చేపల కడుగు, ఇవన్నీ కలిసి చేసినది. యంత్రం వేరు, పారబోసే చోటు వేరు, ఖర్చు వేరు. రెండింటినీ ఒకే టెండరులో కలిపేస్తే రెండూ చెడతాయి.

ముందు ఇసుక సంగతి. మన తీరంలో మార్చి నుంచి అక్టోబరు దాకా నైరుతి అలలు ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. శీతాకాలంలో ఈశాన్య గాలులకు కొంత దక్షిణానికి తిరిగి వస్తుంది. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో మొగ అడ్డం వస్తే ఆ ఇసుక అందులోకి జారుతుంది. దీన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. విశాఖ పోర్టు 1933లో తెరిచినప్పుడే ఈ గొడవ ఉంది. జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డుకట్టగా వేశారు. ఆ తర్వాత కూడా ఇసుకను పట్టడానికి ఒక గుంత తవ్వి, అందులో పడినదాన్ని తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తూ వస్తున్నారు. అన్నేళ్ల పోర్టుకే అది ఏటేటా చేయాల్సిన పని.

కాబట్టి అర్జీలో మొదటి మాటగా "ఏటా నిర్వహణ" అని రాయండి. ఒక్కసారి తవ్వి రిబ్బను కత్తిరించే పని వద్దు. ఏటా కొంత సొమ్ము విడిగా పెట్టాలి.

#3 కాకినాడ_సరంగు

డెక్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా కాకినాడలో తీరు కొంచెం వేరు. ముందర హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని అలల్ని కాస్తుంది, అందుకే మా రేవు ప్రశాంతం. నీళ్లు కదలకపోతే మెత్తటి ఒండ్రు కిందికి దిగుతుంది. ఆ ద్వీపం కూడా గోదారి తెచ్చిన మట్టీ ఇసుకే.

మా తాతలు కోరంగి గురించి చెప్పేవారు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, బర్మాకు జనం ఎక్కిన రేవు. 1839 నవంబరు తుపాను ఊరిని తుడిచిపెట్టింది. దాన్ని తట్టుకుని లేచేదేమో గాని, మట్టి మేట వేసి ఓడలు రాకుండా పోయాయి. వ్యాపారమంతా కాకినాడకు వచ్చేసింది. ఇప్పుడు అక్కడ మడ అడవి చూడటానికి బోటు షికారు చేస్తారు. రేవును ఏటా చూసుకోకపోతే ఏమవుతుందో మాకు వేరే చెప్పక్కర్లేదు.

#4 బందరు_మరబోటు

డెక్ అన్నా, చాలా థాంక్స్. బందరు కూడా అలా తగ్గిపోయిన రేవే. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు వచ్చి దిగిన చోటు. తర్వాతి రోజుల్లో పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే చిన్న పడవల మీద సరుకు తెచ్చుకునేవారట.

ఒక అనుమానం. వానాకాలంలో మొగ కొంచెం లోతుగా ఉంటుంది, జనవరి దాటితే మేట పెరుగుతుంది. గాలి వల్లేనా?

#5 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

గాలి ఒక్కటే కాదు. అసలు సంగతి ఇక్కడే ఉంది, కొంచెం వివరంగా రాస్తాను.

మొగను తెరిచి ఉంచేది ఆటుపోట్లకు లోపలికీ బయటికీ తిరిగే నీరు. పోటుకు లోపలికి చేరిన నీరంతా ఆటుకు ఆ ఇరుకు దారిలోంచి బయటికి పోవాలి. అప్పుడు వచ్చే వడి అలలు తెచ్చిన ఇసుకను కోసుకుపోతుంది. లోపల నిలిచే నీరు ఎంత ఎక్కువైతే మొగ అంత పెద్దదిగా నిలుస్తుంది. ఓబ్రయన్ అనే అమెరికా ఇంజినీరు 1931లోనే ఈ రెండింటికీ లెక్క కట్టి చూపించాడు. ఈ రోజుకీ మా పనిలో మొదట వేసే లెక్క అదే.

వానాకాలంలో డెల్టా కాలవల నీరు కూడా తోడవుతుంది కాబట్టి వడి పెరుగుతుంది. జనవరి తర్వాత పైనుంచి నీరు రాదు. ఆటుపోట్ల నీరు ఒక్కటే అలలతో పోట్లాడాలి.

ఇప్పుడు ఆలోచించండి. మీ క్రీకు (ఉప్పునీటి పాయ) చుట్టూ ఒకప్పుడు పోటుకు మునిగే ఉప్పు నేలలు, మడ చెట్లు ఉండేవి. చెరువులకని వాటి చుట్టూ గట్లు వేస్తే పోటుకు ఆ నీరు చేరే చోటు పోయింది. చేరని నీరు తిరిగి బయటికి రాదు. వడి తగ్గుతుంది, మొగ ఇరుకవుతుంది. అప్పుడు ఎన్ని లక్షలు పోసి తవ్వినా, ఆ మొగ తనకున్న నీటికి సరిపోయే సైజుకే తిరిగి వచ్చేస్తుంది. తవ్విన ఏడాదికే పూడిందని కాంట్రాక్టరును తిడతాం. చాలాచోట్ల కారణం వెనకాల క్రీకులో ఉంటుంది.

అందుకే అర్జీలో రెండో మాట: మొగ వెనక ఉన్న క్రీకు, పిల్ల కాలవలు, మడ నేలల సర్వే. పాత మ్యాపు, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టి ఎంత నీటి చోటు పోయిందో లెక్క తేల్చమనండి.

#6 చెరువు_రైతు

నేను రొయ్యల చెరువుల రైతుని. డెక్ గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. తప్పంతా చెరువులదే అన్నట్టు కాకుండా చూడండి. నా చెరువు పట్టా భూమిలో ఉంది. నీళ్లు తీసుకునేదీ వదిలేదీ అదే డ్రెయిన్‌లో. మొగ పూడితే ముందు మునిగేది మేమే. నవంబరులో తుపాను వచ్చినప్పుడు డ్రెయిన్లు సముద్రంలోకి లాగక వరి చేలు, చెరువులు ఏకమైపోతాయి. మొగ బాగుండాలని మత్స్యకారులు ఎంత కోరుకుంటారో మేమూ అంతే.

డ్రెయిన్ పోరంబోకులో గట్లు వేసినవాళ్లు ఉన్నారు, అది నిజం. వాళ్లని తీయించాలని అర్జీలో రాస్తే నేనూ సంతకం పెడతాను. పట్టుబడి అయ్యాక చెరువు అడుగు మడ్డిని తెల్లారకముందే డ్రెయిన్‌లోకి తోడేసేవాళ్లూ ఉన్నారు. అదీ ఆగాలి. ఆ మడ్డిని గట్టు మీద ఒక మడిలో దిగనిచ్చి, తేరిన నీటిని మాత్రం వదలొచ్చు. నేను అలాగే చేస్తున్నాను. కొంచెం చోటు పోతుంది, అంతే.

#7 బందరు_మరబోటు

రైతు గారూ, మీ మాట చాలా ధైర్యం ఇచ్చింది. అర్జీ మీద మత్స్యకారులూ రైతులూ కలిసి సంతకం పెడితే దాని బరువే వేరు. మీకు విడిగా మెసేజ్ పెడతాను.

#8 ఉప్పునీటి_టీచర్

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను, పిల్లల్ని తీసుకుని హార్బర్ల నీళ్లు పరీక్షిస్తుంటాను. మొగ గురించి చాలా చెప్పారు కాబట్టి నేను జెట్టీ దగ్గర నీళ్ల గురించే రాస్తాను.

ముందు ఆ బురదను దగ్గరగా చూడండి. ఆటు సమయంలో జెట్టీ మూల నుంచి గాజు సీసాలోకి ఒక ముద్ద తీసుకోండి. పైన పలుచగా గోధుమరంగు పొర ఉంటుంది, దాని కింద అంతా కాటుక నలుపు. ఆ నల్లటిదాన్ని పళ్లెంలో పరిచి గాలికి పెడితే మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసిన పదార్థం. ఆక్సిజన్ లేనిచోట బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. మీరు చెప్పిన కోడిగుడ్డు వాసన అదే. పైన ఉండే గోధుమ పొర మందంగా ఉంటే ఆ అడుగు ఇంకా ఊపిరి పీలుస్తోందని అర్థం. పొరే లేకుండా పైదాకా నల్లగా ఉంటే పరిస్థితి చేయి దాటుతోంది.

ఎండాకాలంలోనే ఎందుకంటే, నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేదు. 30 డిగ్రీల వేడిలో సముద్రపు నీరు పట్టగలిగేదే లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు. మన దేశంలో హార్బరు నీటికి పెట్టిన ప్రమాణం కనీసం 3. అంటే ఉన్న వెసులుబాటే తక్కువ. అందులో చేపల రక్తం, పొట్టలోని చెత్త, ఐసు కరిగిన జిడ్డు నీరు పడితే బాక్టీరియా దాన్ని తినడానికే ఆక్సిజనంతా ఖర్చయిపోతుంది. కొలిచేటప్పుడు తెల్లవారుజామున, అడుగు నీటిలో కొలవండి. పగలంతా నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం, అదీ పైనీటిలో కొలిచిన అంకె మోసం చేస్తుంది. ఆఫీసు వేళల్లో వచ్చి తీసిన నమూనా మీద నేను ఎప్పుడూ నమ్మకం పెట్టుకోను.

ఇంకో లెక్క. జెట్టీ దగ్గర ఆటుకు 3 మీటర్ల లోతు ఉందనుకోండి. అమావాస్య పోటుకు ఇంకో మీటరున్నర పెరిగితే, మొత్తం నీటిలో మూడో వంతు మారే వీలుంది. అష్టమి పోటు అరమీటరే అయితే ఏడో వంతే. అదీ బయటికి పోయిన నీరే మళ్లీ లోపలికి రాకుండా ఉంటే. మూలల్లో అంత కూడా మారదు. మీ దగ్గర అష్టమి రోజుల్లో వాసన ఎక్కువ ఉంటుందా? గమనించి రాయండి.

#9 బందరు_మరబోటు

మాస్టారూ, ఇప్పుడే అమ్మను అడిగాను. ఒక్క క్షణం ఆలోచించకుండా "అష్టమి నాడు కూర్చోలేం, అమావాస్యకు ఫర్వాలేదు" అంది. ఆవిడ రోజూ ఆ జెట్టీ మీదే చేపలు ఏరుతుంది. మీరు లెక్క వేసి చెప్పింది ఆవిడకు ముందే తెలుసన్నమాట.

#10 పెయింట్_మేస్త్రి (తాళ్లరేవు)

బోట్లు కట్టడం, రిపేరు, రంగులు నా పని. మా పని వల్ల కూడా నీళ్లు పాడవుతాయి, కాబట్టి చెప్పాలి.

బోటు అడుగుకు వేసే రంగులో రాగి ఉంటుంది, గుల్లలు, నాచు పట్టకుండా. అది మెల్లగా నీళ్లలోకి దిగడమే దాని పని. బోటును ఒడ్డుకు లాగి రిపేరు చేసే స్లిప్‌వే మీద పాత రంగు గీకినప్పుడు పొట్టు నేరుగా నీళ్లలో పడితే అంతా అడుగు బురదలోకి చేరుతుంది. నేను బోటు కింద టార్పాలిన్ పరిచి, గీకిన పొట్టు గోనెసంచుల్లోకి ఎత్తిస్తాను. కుర్రాళ్లు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది. గాలి ఉన్న రోజు పొడిగా గీకొద్దు, కాస్త తడిపి గీకితే పొడి లేవదు, మనిషి ఊపిరితిత్తులకూ మంచిది.

బోటు అడుగున చేరే నీళ్లు ఇంకో పెద్ద సమస్య. ఇంజిను దగ్గర కారిన ఆయిలు ఆ నీటిలో కలిసి ఉంటుంది. హార్బర్‌లోకి రాగానే పంపు పెట్టి తోడేస్తారు, నీటి మీద రంగురంగుల తెట్టు తేలుతుంది. ఇంజిను కింద రేకు తట్ట ఒకటి బిగిస్తే కారిన ఆయిలు అందులోనే పడుతుంది. మార్చిన ఆయిలుకు జెట్టీ మీద ఒక పెద్ద డ్రమ్ము పెట్టిస్తే కొనుక్కునేవాళ్లు ఉంటారు.

#11 ఉప్పునీటి_టీచర్

మేస్త్రి గారికి నమస్కారం. రంగుల విషయంలో ప్రపంచం ఒకసారి గట్టి దెబ్బ తింది. ఒకప్పుడు ఈ రంగుల్లో ట్రైబ్యుటైల్ టిన్ అనే మందు కలిపేవారు. ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దానివల్ల కుదేలైంది, పెంకులు వికారంగా మందమెక్కాయి. 1982లో చిన్న పడవలకు అక్కడ నిషేధించారు. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. కానీ ఆ మందు పాత బురదలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అందుకే పాత హార్బరు అడుగును కదిలించేముందు పరీక్ష తప్పనిసరి. లోహాలు, నూనె అంటుకునేది మెత్తటి ఒండ్రు రేణువులకే. ఇసుకకు అంతగా అంటవు.

#12 శాంటాక్రూజ్_తెలుగు

నాది ఒంగోలు, ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాలో ఉంటున్నాను. మా ఇంటి దగ్గర శాంటాక్రూజ్ హార్బరు ఉంది. షికారు పడవలు, చేపల బోట్లు రెండూ ఉంటాయి. 1964లో తెరిచారు. అప్పటి నుంచీ చలికాలపు అలలకు మొగలో ఇసుక మేట వేస్తూనే ఉంది. ఏటా బయటి డ్రెడ్జరు కోసం ఎదురుచూడలేక 1986 నుంచి హార్బరు వాళ్లే సొంత డ్రెడ్జరు పెట్టుకున్నారు. చలికాలమంతా అది మొగ దగ్గరే ఉంటుంది. తోడిన ఇసుకను పైపు ద్వారా పక్కనే ఉన్న బీచికి పంపుతారు. ఉదయం నడకకు వెళ్తే పైపు చివర బూడిదరంగు నీళ్లు ఇసుకతో దూకుతూ కనిపిస్తాయి.

నాకు నచ్చింది ఏమిటంటే, బీచికి పంపేముందు ఆ మట్టిలో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత అని పరీక్ష చేస్తారు. ఇసుక ఎక్కువుంటేనే బీచికి. మురికి ఒండ్రుకు దారి వేరు.

రాగి గురించి ఒక మాట. శాన్‌డియెగోలో షెల్టర్ ఐలాండ్ దగ్గర వేల పడవలు ఆగే ఇరుకు మెరీనా ఉంది. నీళ్లలో రాగి మితిమీరిందని 2005లో ఒక లక్ష్యం పెట్టారు, 2022 కల్లా పడవల నుంచి దిగే రాగిని 76 శాతం తగ్గించాలని. సముద్ర జీవులకు హాని లేని హద్దుగా అక్కడ లీటరుకు 3.1 మైక్రోగ్రాములు పెట్టుకున్నారు. అంత చిన్న హద్దు దాటినా జీవులు దెబ్బతినొచ్చు. మనవాళ్లు స్లిప్‌వే మీద గీకే పొట్టు గురించి మేస్త్రి గారు చెప్పినది చిన్న విషయం కాదు.

#13 గోదారి_గట్టు

ఇంత చర్చ ఎందుకండీ, మొగకు రెండువైపులా రాతి గోడలు కట్టేస్తే సరిపోదా? చాలాచోట్ల కడుతున్నారుగా.

#14 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

గోడలు పనిచేస్తాయి, కాదనను. నీటి దారిని ఇరుకు చేసి వడి పెంచుతాయి, ఇసుకను కొన్నాళ్లు ఆపుతాయి. కానీ దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. చెన్నై చూడండి. పోర్టు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బరు కట్టాక ఊరి ముందున్న బీచే పోయింది. గోడ కట్టినవాళ్లు, దక్షిణాన చేరిన ఇసుకను ఏటా తోడి ఉత్తరాన పోస్తామన్న హామీ కూడా అదే ఒప్పందంలో రాయాలి. లేకపోతే గిలకలదిండి బోట్ల కష్టం తీర్చబోయి పక్క పల్లె ఇళ్లు పోగొట్టినవాళ్లమవుతాం. అక్కడుండేదీ మనవాళ్లే.

గోడ కొసదాకా ఇసుక నిండితే ఆపైన చుట్టూ తిరిగి మళ్లీ మొగలోకే వస్తుంది. గోడ ఉన్నా డ్రెడ్జరు తప్పదు.

#15 కాకినాడ_సరంగు

తవ్వే కాలం గురించి కూడా చెప్పండి డెక్ గారూ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, 61 రోజులు. అప్పుడే తవ్వుతామంటారు అధికారులు. కానీ ఆ రోజుల్లో బోట్లన్నీ హార్బర్‌లోనే ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. డ్రెడ్జరు ఎక్కడ దూరుతుంది?

#16 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, సరంగు గారు బాగా పట్టుకున్నారు. నిషేధం రోజుల్లో మొగ ఖాళీగా ఉంటుంది, లోపల కిక్కిరిసి ఉంటుంది. కాబట్టి మొగ పని అప్పుడు పెట్టుకోవచ్చు, అలలు పెరగకముందే ముగించేలా. లోపలి బురద పని బోట్లు వేటకు వెళ్లే రోజుల్లో జెట్టీని ముక్కలుగా పంచుకుని చేయాలి. ఒక్కో ముక్క ఖాళీ చేయించే బాధ్యత బోటు సంఘమే తీసుకుంటే పని సగం అయినట్టే.

పైగా లోపలి నల్ల బురదను నడివేసవిలో కదిలిస్తే, ఉన్న కాస్త ఆక్సిజనూ ఒక్కసారిగా పోయి చేపలు తేలిపోతాయి. చల్లటి నెలలు మేలు. పనిచేసే చోట చుట్టూ తెర కట్టాలి, మురికి నీరు మిగతా హార్బరంతా పాకకుండా.

బిల్లుల సంగతి. ఎన్ని లారీలు, ఎన్ని బార్జీలు అని లెక్కపెట్టి డబ్బు ఇస్తే, అందులో సగం నీళ్లకే ఇచ్చినట్టు. తవ్వేముందు లోతు సర్వే, తవ్విన వెంటనే లోతు సర్వే, ఆ తేడాకే బిల్లు. రెండు సర్వేల్లోనూ బోటు సంఘం మనిషి ఒకరు ఉండాలని అర్జీలోనే రాయండి. ఉదాహరణకు కిలోమీటరు పొడవు, 30 మీటర్ల వెడల్పు దారిని ఒక మీటరు లోతు చేస్తే 30,000 ఘనపు మీటర్లు. ఈ లెక్క మీ దగ్గర ముందే ఉంటే ఎవరూ అంకెలు పెంచలేరు.

#17 కొచ్చి_జెట్టీ

నేను కొచ్చిలో పనిచేస్తున్నాను, సొంతూరు భీమవరం దగ్గర. ఇక్కడ బోల్గాట్టిలో 2010లో షికారు పడవల మెరీనా తెరిచారు, కాయల్ (బ్యాక్‌వాటర్) నీళ్లలో. మొగ ఇసుక గొడవ లేదు గాని, మెత్తటి ఒండ్రూ, వానాకాలంలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్కా విసిగిస్తాయి. గుర్రపుడెక్క ఉప్పునీరు తగిలి చచ్చి అడుగుకు దిగితే అదే మళ్లీ బురద. తేలుతున్నప్పుడే లాగేయడం ఎంతో నయం. మీ డ్రెయిన్లలో కూడా గుర్రపుడెక్క ఉంటుందిగా. హార్బరుకు పైన, డ్రెయిన్ కలిసేచోట తేలే అడ్డు ఒకటి కట్టి, దాని దగ్గర ఆగిన చెత్తను వారానికోసారి తీయిస్తే ప్లాస్టిక్కూ, థర్మాకోల్ ముక్కలూ కూడా అక్కడే ఆగుతాయి.

#18 బందరు_మరబోటు

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న సంఘం సమావేశంలో ఈ చర్చంతా చదివి వినిపించాను. పెద్దవాళ్లు మొగ, జెట్టీ విడిగా అడగాలన్న మాటకు వెంటనే ఒప్పుకున్నారు. క్రీకు సర్వే అడగడానికి కొంతమంది వెనకాడారు, గొడవలవుతాయని. చెరువుల రైతులు కూడా సంతకం పెడుతున్నారని చెప్పాక సరే అన్నారు. చేపలు కడిగే నీటిని నేరుగా కింద పడనీయకుండా జాలీ ఉన్న కాలవ కట్టి, తొట్టిలోకి మళ్లించాలని అమ్మావాళ్లు పట్టుబట్టి రాయించారు. జెట్టీ మీద ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, అది కూడా నీటి సమస్యేనని వాళ్లే చెప్పారు. అదీ చేర్చాం.

సర్వే వాళ్లు వచ్చేదాకా ఆగకుండా మేమే లోతులు కొలిచి పెట్టుకుందామనుకుంటున్నాం. మా బోట్లో ఫిష్ ఫైండర్ (ధ్వని పంపి చేపల్నీ లోతునీ చూపే పరికరం) ఉంది. దాని అంకెలు సరిపోతాయా?

#19 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

మొగలో ఇసుక కాబట్టి సరిపోతాయి, ఒక జాగ్రత్తతో. ఆ పరికరం నీటి మట్టం కింద ఎంత లోతులో బిగించి ఉందో కొలిచి, ఆ అంకె కలపాలి.

జెట్టీ దగ్గర మెత్తటి బురదలో మాత్రం తికమక పెడుతుంది. 200 కిలోహెర్ట్జ్ మీద పెడితే పైన తేలే పలుచటి బురద మీదే ఆగి లోతు తక్కువని చూపిస్తుంది. 50 మీద పెడితే దాన్ని దాటి గట్టి అడుగు దాకా వెళ్తుంది. రెండూ రాసుకోండి. రెండింటి మధ్య తేడాయే ఆ పలుచటి బురద మందం. రోటర్‌డ్యామ్ లాంటి పెద్ద పోర్టులో ఘనపు మీటరుకు 1,200 కిలోల సాంద్రత వచ్చేదాకా ఉన్న బురదను ఓడ దాటగలిగే నీటికిందే లెక్కేస్తారు. అనవసరంగా తవ్వకుండా చాలా ఖర్చు మిగులుతుంది. మన చిన్న బోట్లకు ఇంజిను చల్లబరిచే నీటిలోకి ఆ బురద లాగేస్తుంది కాబట్టి అదే కొలత పెట్టుకోలేం, కానీ తేడా తెలిసుండటం మంచిది.

అనుమానం వచ్చిన చోట తాడుకు సీసపు గుండు కట్టి వదలండి. గుండు అడుగున కాస్త సబ్బు రాస్తే ఇసుకో బురదో దానికే అంటుకుని వస్తుంది.

#20 ఉప్పునీటి_టీచర్

ప్రతి కొలత పక్కనా గంట, నిమిషం తప్పకుండా రాయండి. జెట్టీ స్తంభానికి అడుగులూ అంగుళాలూ గీసి రంగు వేయండి. కొలిచేవాళ్లు మొగలో ఉండగా ఒక కుర్రాడు స్తంభం దగ్గర కూర్చుని పావుగంటకోసారి నీటి మట్టం రాసుకోవాలి. అది లేకపోతే పోటుకు కొలిచినదీ ఆటుకు కొలిచినదీ కలిసిపోయి అంకెలు ఎందుకూ పనికిరావు.

బురద నమూనాలు మూడు చోట్ల తీయండి: డ్రెయిన్ కలిసేచోట, స్లిప్‌వే కింద, మొగ లోపలి అంచున. లోహాలకు ప్లాస్టిక్ డబ్బా, నూనెకు గాజు సీసా. ఐసు పెట్టెలో పెట్టి పంపితే మా కాలేజీ ల్యాబులో చేయగలిగినవి ఉచితంగా చేయిస్తాను. లోహాల పరీక్షకు వేరే ల్యాబు కావాలి, దాని సంగతి కనుక్కుంటున్నాను.

#21 బందరు_మరబోటు

ఐసుకు మా దగ్గర కొదవేముంది మాస్టారూ. వచ్చే అమావాస్యకు తెల్లవారుజామున ఆటు మీద మొగ కొలుస్తాం. నాన్న చుక్కాని దగ్గర, బాబాయి గుండు తాడు దగ్గర, నేను పుస్తకంతో. స్తంభం దగ్గర కూర్చోవడానికి చెల్లి ఒప్పుకుంది. అంకెలన్నీ ఇక్కడే పెడతాను. డెక్ అన్నా, మొగ అడ్డంగా ఎంత దూరానికో గుండు వేయాలో ఒక్క మాట చెప్పండి.

#22 డ్రెడ్జర్_డెక్ (విశాఖపట్నం)

అడ్డంగా 10 మీటర్లకోసారి, అలాంటి వరుసలు 50 మీటర్లకొకటి. మేట కనిపించిన చోట ఇంకా దగ్గర దగ్గరగా. ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి ప్రతి చోటుకూ అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. అల పెరిగితే వెంటనే తిరిగి వచ్చేయండి, మిగిలినవి పౌర్ణమికి కొలవొచ్చు. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి, నాన్నగారు వద్దన్నా సరే.